చెంబుకు మెడ ఎందుకు? కలానికి గుడ్డ ఎందుకు?

మీ ఇంట్లో నీళ్ల చెంబు ఉంటుంది కదా! ఇత్తడిదైనా సరే, స్టీలుదైనా సరే, ఒకసారి చేతిలోకి తీసుకుని చూడండి. అడుగున ఉబ్బుగా ఉండి, పైకి వచ్చేసరికి మెడలాగా సన్నబడి, అంచు దగ్గర మళ్లీ కొంచెం విచ్చుకుని ఉంటుంది. ఇన్ని వంపులు ఎందుకు? గొట్టంలాగా తిన్నగా చేస్తే కంచరివాళ్లకు పని తగ్గేది కాదా?

ఒక పని చేయండి. చెంబు నిండా నీళ్లు పోసి, చెయ్యి తడి చేసుకుని, మెడ దగ్గర వేళ్లు చుట్టి పైకి ఎత్తండి. జారదు. ఇప్పుడు దాదాపు అన్ని నీళ్లే పట్టే తిన్నని గ్లాసును అదే తడిచేత్తో ఎత్తండి. వేళ్లు గట్టిగా బిగించాల్సి వస్తుంది. గ్లాసును పట్టి ఉంచేది ఘర్షణ ఒక్కటే. తడి ఆ ఘర్షణను తగ్గించేస్తుంది. చెంబు విషయంలో అలా కాదు. కింది ఉబ్బు వచ్చి మీ వేళ్లకు ఆనుకుంటుంది. అంటే చెంబును ఆపుతున్నది దాని ఆకారమే అన్నమాట. పైగా నీళ్ల బరువంతా మీ పట్టుకు కింద ఉంటుంది. గరిమనాభి చేతికి కిందుగా ఉండటం వల్ల చెంబు బావి తాడుకు కట్టిన బొక్కెనలాగా నిలకడగా వేలాడుతుంది, పక్కకు ఒరగదు.

మరి మెడ అలాగే సన్నగా పైదాకా పోకుండా అంచు ఎందుకు విచ్చుకుంది? వంచి నీళ్లు పోసి చూడండి. ధార అంచు దగ్గర తెగి ముందుకు పడుతుంది. అంచు లేని గిన్నెతో పోస్తే సగం నీళ్లు గిన్నెను అంటిపెట్టుకుని కిందికి కారతాయి. ఇక మెడ ఎంత సన్నం ఉండాలి? చింతపండో, బూడిదో పట్టుకుని లోపలికి చెయ్యి పోవాలి, తోమడం కుదరాలి. అంతకన్నా సన్నబడితే అది చెంబు కాదు, సీసా!

మామూలుగా మనం 'డిజైన్' అనే మాటను బట్టల కొట్టులో వింటాం. చీర మీది పూలూ లతలూ చూసి "డిజైన్ బాగుంది" అంటాం. వస్తువు తయారయ్యాక దాని మీద అద్దే అలంకారమే డిజైన్ అని మనలో చాలామంది ఉద్దేశం. చెంబు సంగతి చూశారుగా! దాని మీద ఒక్క పువ్వు కూడా లేకపోవచ్చు. కాని ఆ వంపుల్లో ఒక్కటి కూడా ఊరికే రాలేదు.

ఈ మాటను మన దేశానికి గట్టిగా చెప్పినవారు ఇద్దరు విదేశీయులు. చార్లెస్ ఈమ్స్, రే ఈమ్స్ అనే అమెరికన్ దంపతులు కుర్చీలూ ఇంటి సామానూ రూపొందించడంలో పేరుపడ్డవారు. భారత ప్రభుత్వం ఆహ్వానం మీద వాళ్లు మన దేశానికి వచ్చి, కొన్ని నెలలు అనేక ప్రాంతాలు తిరిగి, 1958 ఏప్రిల్‌లో ఒక నివేదిక సమర్పించారు. దాని ఫలితంగానే 1961లో అహ్మదాబాదులో నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ డిజైన్ ఏర్పడింది. ఇంత తిరిగి, ఎన్నో చూసి, వాళ్లు బహుశా అన్నిటికన్నా గొప్పదని ఎంచిన వస్తువు ఏమిటో తెలుసా? చెంబే!

చెంబును మెచ్చుకుని ఊరుకోలేదు వాళ్లు. అలాంటి పాత్రను కొత్తగా తయారు చెయ్యాలంటే ఎన్ని ప్రశ్నలు వేసుకోవాలో వరసగా రాశారు. ఎన్ని నీళ్లు పట్టాలి? ఎత్తేది ఎవరి చేతులు, వాటి బలమెంత? నెత్తిన మోస్తారా, చంకన పెట్టుకుంటారా? నిండుగా ఉన్నప్పుడూ ఖాళీగా ఉన్నప్పుడూ బరువు ఎక్కడ నిలుస్తుంది? తోమడం ఎలా? ఖరీదెంత? పాతబడ్డాక ఆ లోహానికి ఎంత వస్తుంది? చివరికి, దేనికైనా తగిలినప్పుడు ఎలా మోగుతుందన్నది కూడా వాళ్ల ప్రశ్నల్లో ఉంది. ఈ ప్రశ్నలన్నిటికీ ఏ ఒక్క మనిషీ కూర్చుని జవాబు చెప్పలేదు. తరతరాలుగా చేసేవాళ్లూ వాడేవాళ్లూ కొంచెం కొంచెం దిద్దుతూ వచ్చారు.

ఇక్కడ మన ప్రాంతంవాడు ఒకాయన గుర్తుకు వస్తాడు. 1895లో మదనపల్లెలో పుట్టిన జిడ్డు కృష్ణమూర్తి. ఆయన తత్వవేత్త. కాని ఆయన జీవితమంతా చెబుతూ వచ్చిన సంగతుల్లో ఒకటి మనకు పనికి వస్తుంది: ఒక వస్తువుకు పేరు పెట్టగానే మనం దాన్ని చూడటం మానేస్తాం. నిజమే కదా! 'చెంబు' అనుకోగానే చెంబు అయిపోయింది. రోజూ ముట్టుకుంటున్నా దాని మెడ ఎందుకు సన్నమో మీలో ఎంతమంది ఇంతకు ముందు అడిగారు?

స్వర్ణముఖి ఒడ్డున

ఈమ్స్ దంపతులు చెంబును అడిగినట్టు మనం మన పక్కనే ఉన్న ఇంకొక వస్తువును అడుగుదాం. తిరుపతికి తూర్పున, స్వర్ణముఖి ఒడ్డున ఉన్న శ్రీకాళహస్తి పేరు వినగానే గుడి గుర్తుకు వస్తుంది. ఆ గుడి నీడలోనే పెరిగిన విద్య కలంకారీ. రామాయణం, భారతం కథలను బట్ట మీద చేత్తో గీసి, చెట్ల నుంచి తీసిన రంగులు వేస్తారు. మచిలీపట్నం దగ్గర పెడనలో చెక్క అచ్చులతో అద్దేదాన్నీ కలంకారీ అనే అంటారు గాని, కాళహస్తి పనిలో మాత్రం కలమే ప్రధానం.

ఆ కలాన్ని చూసి మొదట నవ్వు వస్తుంది. ఒక వెదురు పుల్ల. కొన చెక్కి ఉంటుంది. కొనకు రెండు మూడు సెంటీమీటర్ల పైన గుడ్డపేలికో కంబళి ముక్కో ఉండలాగా చుట్టి, దారంతో బిగించి కట్టి ఉంటుంది. వేలు తెగితే కట్టిన కట్టులాగా కనిపిస్తుంది. ఇంతే!

ఇక ప్రశ్నలు మొదలుపెడదాం. ఉక్కు పాళీ ఉండగా ఈ పుల్ల ఎందుకు? కారణాలు వెతికితే కనీసం మూడు కనిపిస్తాయి. మొదటిది: పాళీ కాగితం మీద జారినట్టు బట్ట మీద జారదు, పోగులకు తట్టుకుంటుంది. రెండోది: పాళీ పట్టేది ఒక బొట్టు. నాలుగు మాటలు రాయగానే మళ్లీ సిరాలో ముంచాలి. దేవుడి విల్లు గీయాలంటే మూరెడు పొడవున ఒకే వంపు, మధ్యలో తెగకుండా రావాలి. మూడోది అసలైనది. కలంకారీలో వాడే నల్లరంగు పుల్లటి ద్రవం, ఆమ్లం. అది ఇనుమును తింటుంది. ఉక్కు పాళీని అందులో రోజూ ముంచితే కొన్నాళ్లకు పాళీయే రంగులో కలిసిపోతుంది! వెదురుకు ఆ బాధ లేదు.

ఆ గుడ్డ ఉండ రంగుకు తొట్టి. నూలు పోగుల మధ్య వెంట్రుకవాసి సందులు వేలకొద్దీ ఉంటాయి. లాంతరు వత్తిలో కిరసనాయిలు పైకి పాకినట్టే రంగు ఆ సందుల్లోకి పాకి, కింద పడకుండా నిలుస్తుంది. దీన్నే మీరు కేశనాళికీయత అని చదువుకుంటారు. ఇప్పుడు చిత్రకారుడు ఉండను వేళ్లతో మెల్లగా నొక్కుతాడు. రంగు బయటికి వచ్చి, వెదురు నార పొడుగునా జారి, కొనకు చేరుతుంది. గట్టిగా నొక్కితే గీత లావు, వదిలితే సన్నం. మీటా లేదు, మరా లేదు, వేళ్లే కుళాయి. సన్నని గీతకు మొనదేలిన కలం, వెడల్పుగా నింపడానికి మొండి కలం, రెండు రకాలు ఉంచుకుంటారు.

కలాన్ని నిలబెట్టిన కేశనాళికీయతే బట్ట దగ్గరికి వచ్చేసరికి శత్రువు అవుతుంది. నూలుబట్ట మీద సిరాబొట్టు వేసి చూడండి. చుట్టూ అల్లుకుపోతుంది. బట్ట పోగుల మధ్యా సందులే కదా! మరి కాళహస్తివాళ్ల గీత ఎందుకు అల్లుకోదు? వాళ్లు బట్టను ముందే కరక్కాయ పొడి, గేదెపాలు కలిపిన నీళ్లలో ముంచి ఆరబెడతారు. పాలలోని కొవ్వూ మాంసకృత్తులూ పోగుల సందులను పూడ్చేస్తాయి. గేదెపాలలో కొవ్వు ఆవుపాలలో కన్నా చాలా ఎక్కువ. ఎందుకు గేదెపాలే అన్నదానికి జవాబు దొరికిందా? ఇంట్లోనే రుజువు చేసుకోవచ్చు. పాత పంచె ముక్కలు రెండు తీసుకోండి. ఒకటి పాలలో ముంచి ఎండలో ఆరబెట్టి, రెండింటి మీదా ఒకే కలంతో చుక్క పెట్టి, వెడల్పు కొలవండి. (అమ్మను అడిగి మరీ పాలు తీసుకోండి!)

కనబడని రంగుతో బొమ్మ

ఇప్పుడు రసాయన శాస్త్రానికి వద్దాం. నిజానికి కాళహస్తిలో ఒక కుండ దగ్గర నిలబడితే పదో తరగతి పాఠాలు రెండు మూడు ఒకేసారి కనిపిస్తాయి.

నల్లరంగు కోసం తుప్పు పట్టిన ఇనుప ముక్కలు, బెల్లం, నీళ్లు కుండలో వేసి రెండు మూడు వారాలు పులియబెడతారు. గాలిలో ఉండే ఈస్టు బెల్లంలోని చక్కెరను ఆల్కహాలుగా మారుస్తుంది. ఆ తరువాత బాక్టీరియా దాన్ని ఎసిటిక్ ఆమ్లంగా, అంటే వెనిగర్‌లో ఉండే పులుపుగా, మారుస్తాయి. ఆ ఆమ్లం ఇనుమును కరిగిస్తుంది. అలా తయారైన ఇనుప ఎసిటేటు ద్రావణం చూడటానికి కషాయంలాగా ఉంటుంది. దాన్ని కలంతో బట్ట మీద గీయగానే కరక్కాయలోని టానిన్లతో కలిసి నల్లబడుతుంది. గాలిలోని ఆక్సిజన్ తగిలేకొద్దీ ఆ నలుపు మరింత చిక్కబడుతుంది. అంటే సిరా కుండలో సగం, బట్టలో సగం ఉందన్నమాట! రెండూ కలిసేది పోగు లోపలే. అందుకే ఉతికినా పోదు.

ఎరుపు ఇంకా వింత. ఎర్రగా కావలసిన చోట చిత్రకారుడు ఎర్రరంగు పూయడు. పటిక నీళ్లు పూస్తాడు. ఆరాక అక్కడ పూసినట్టే సరిగా కనబడదు. తరువాత బట్టను నీళ్లలో బాగా జాడించి, మంజిష్ఠ, చిరివేరు వంటి ఎర్రరంగు చెక్కలూ వేళ్లూ వేసి కాచిన నీళ్లలో ఉడికిస్తారు. బట్టంతా ఎర్రబడుతుంది. కాని ఉతికి, పేడనీళ్లలో నానబెట్టి, ఎండలో పరిస్తే, పటిక లేని చోట ఎరుపు వదిలిపోతుంది. ఉన్న చోట నిలిచిపోతుంది. పటికలోని అల్యూమినియం ఒక చేత్తో నూలునూ, ఇంకో చేత్తో రంగు అణువునూ పట్టుకుని ఉంటుంది. చిత్రకారుడు కనబడని బొమ్మ గీస్తే, ఉడికే కుండ దాన్ని బయటపెడుతుంది!

ఇందులో జాడించడం అనే మెట్టును గుర్తుపెట్టుకోండి. దాన్ని పారే నీళ్లలోనే చెయ్యాలి. పోగుకు పట్టుకోని పటిక బట్ట నుంచి వదిలిపోతుంది కదా, తొట్టిలోని నిలవనీళ్లలో అయితే అది ఇంకోచోట, తెల్లగా ఉండవలసిన చోట, వాలుతుంది. ఉడికించాక అక్కడ ఎర్రమచ్చ తేలుతుంది. పారే నీళ్లయితే దాన్ని వెంటనే తీసుకుపోతాయి. ఈ విద్య నది ఒడ్డున స్థిరపడటానికి ఉన్న కారణాల్లో ఇదొకటి.

స్వాతంత్ర్యం వచ్చేనాటికి కాళహస్తిలో ఈ పని తెలిసినవాళ్లు కొద్దిమందే మిగిలారు. అఖిల భారత హస్తకళల బోర్డును నడిపిన కమలాదేవి ఛటోపాధ్యాయ ఆ సంగతి గమనించడం, 1950లలో అక్కడ శిక్షణ కేంద్రం రావడం, జొన్నలగడ్డ లక్ష్మయ్య వంటి పెద్దలు కుర్రవాళ్లకు నేర్పడం వల్ల అది నిలిచింది. లక్ష్మయ్య గారి కుమారుడు గురప్పశెట్టికి 2008లో పద్మశ్రీ వచ్చింది.

ప్రశ్నలు ముందే రాసిపెడితే?

చెంబూ కలమూ వందల ఏళ్లు తీసుకుని తయారయ్యాయి. కాని అన్ని పనులకూ అంత తీరిక ఉండదు. ఈమ్స్ దంపతుల నివేదికలోని అసలు హెచ్చరిక ఇదే: ఇప్పుడు కాలం వేగంగా మారుతోంది, తరాలు తిరిగి వస్తువును దిద్దేదాకా ఆగలేం, కాబట్టి ప్రశ్నలను తెలిసి తెలిసి, ముందుగానే వేసుకోవాలి.

వాళ్లకన్నా ముప్పై ఏళ్ల ముందే ఆ పని చేసి చూపించినవాడు గాంధీజీ. 1929లో అఖిల భారత చరఖా సంఘం మంచి రాట్నం తయారు చేసినవారికి లక్ష రూపాయల బహుమతి ప్రకటించింది. ఆనాటి లక్ష! షరతులు చూడండి. పల్లెటూరి గుడిసెలో పట్టాలి. ఒక స్త్రీ పెద్దగా అలసట లేకుండా ఎనిమిది గంటలు తిప్పగలగాలి. ధర 150 రూపాయలు మించకూడదు. ఇరవై ఏళ్లు మన్నాలి. ఏడాదికి మరమ్మతు ఖర్చు ధరలో నూటికి అయిదు వంతులు దాటకూడదు. రాట్నానికి ఎన్ని చక్రాలుండాలో ఒక్క మాట లేదు! తిప్పే మనిషి, ఆమె ఇల్లు, ఆమె అలసట, ఆమె డబ్బు, ఇవన్నీ షరతుల్లో ఉన్నాయి. బహుమతి ఎవరికీ దక్కలేదు. అయినా ఆ ప్రశ్నాపత్రం నాకు ఎంతో నచ్చుతుంది. జవాబు రాకపోయినంత మాత్రాన ప్రశ్న చెడ్డదైపోదు. (పరీక్షల్లో ఈ మాట నా మీదికి తిప్పకండి.)

అలాంటి ప్రశ్నే ఒక తెలుగు ఇంట్లో మళ్లీ పుట్టింది. ఈసారి జవాబు దొరికింది. ఆలేరు దగ్గర శారాజీపేట అనే నేతగాళ్ల ఊళ్లో చింతకింది మల్లేశం అనే కుర్రవాడు ఆరో తరగతితో చదువు మానేశాడు. పోచంపల్లి తరహా చీర నేయాలంటే ముందు దారాన్ని ఆసు పోయాలి. అర్ధచంద్రాకారంలో ఉన్న మేకుల చుట్టూ దారాన్ని చేత్తో అటూ ఇటూ తిప్పాలి. ఒక్క చీరకు సుమారు 9,000 సార్లు చెయ్యి కదలాలి. ఆ పని చేసేది ఇంటి ఆడవాళ్లు. వాళ్ల అమ్మ లక్ష్మి భుజం నొప్పితో, ఇక నా వల్ల కాదు అంటుంటే మల్లేశం విన్నాడు.

1992 ప్రాంతంలో మొదలుపెట్టాడు. చెక్కతో చేశాడు, విప్పాడు, మళ్లీ చేశాడు. అప్పులయ్యాయి, ఊళ్లో నవ్వారు. ఒక్క కదలిక చివరిదాకా కుదరలేదు. పనికోసం హైదరాబాదు వెళ్లినప్పుడు, బాలానగర్‌లో ఏదో కర్మాగారంలో ఒక యంత్రం కదిలే తీరు చూసి, తనకు కావలసింది అదేనని పట్టుకున్నాడు. 1999లో యంత్రం పూర్తయింది. అమ్మ పేరుతో లక్ష్మీ ఆసు యంత్రం అన్నాడు. నాలుగైదు గంటలు పట్టే ఆసు సుమారు గంటన్నరకు వచ్చింది. 2017లో ఆయనకు పద్మశ్రీ ఇచ్చారు. ఆసు తెలియని ఇంజనీరుకు ఈ ప్రశ్నే తట్టదు. ఆసు తెలిసినవాళ్లకేమో, 'ఇది ఇంతే' అని అలవాటైపోయింది. అమ్మ భుజం వైపు చూసినవాడికి తట్టింది.

ఇప్పుడు మీ వంతు

తిరిగి కాళహస్తికి రండి. స్వర్ణముఖిలో ఏడాదిలో చాలా నెలలు నీళ్లుండవు, ఇసుకే ఉంటుంది. వందల ఏళ్లు తీసుకుని కుదిరిన పద్ధతిలోంచి నది తప్పుకుంది. బోరునీళ్లతో, తొట్లతో నెట్టుకొస్తున్నారు. మరోపక్క, యంత్రం మీద అచ్చు కొట్టిన బట్టను కలంకారీ పేరుతో చవకగా అమ్ముతున్నారు. శ్రీకాళహస్తి కలంకారీకి భౌగోళిక గుర్తింపు ఉన్నా, కొనేవాళ్లకు తేడా తెలియకపోతే అది ఏం చేస్తుంది? (మీరు చూసి చెప్పవచ్చు. ఒకే బట్ట మీద ఒకే నెమలి రెండుచోట్ల ఉంటే రెండింటినీ పోల్చండి. చేత్తో గీసినవి ఎన్నడూ అచ్చంగా ఒకటిగా ఉండవు.)

నది లేదు కాబట్టి విద్య పోవలసిందేనా? చెంబును అడిగినట్టే దీన్నీ అడగండి. బట్టకు కావలసింది నదా, పారే నీళ్లా? పారే నీళ్లయితే ఎంత వేగంతో, ఎన్ని లీటర్లు? ఏటవాలు కాలువ కట్టి అవే నీళ్లను మళ్లీ పైకి తోడితే? అప్పుడు నీళ్లలో చేరే పటికను ఎలా తీసేయాలి? ఈ ప్రశ్నల మీద పనిచేయడానికి పెద్ద ప్రయోగశాల అక్కర్లేదు.

పచారీ కొట్లో కరక్కాయలు, పటిక, మంజిష్ఠ అడిగి తెచ్చుకోండి. కరక్కాయ దంచి నీళ్లలో నానబెట్టి, పాలు కలిపి, నూలుబట్ట ముక్కలు ముంచి ఆరబెట్టండి. పటిక నీళ్లతో ఒక్కో ముక్క మీద ఒక గీత గీసి, ఒక రోజు ఆరనివ్వండి. ఒక ముక్కను గిన్నెలోని రెండు లీటర్ల నిలవనీళ్లలో జాడించండి. రెండోదాన్ని అవే రెండు లీటర్లను చెంబుతో సన్నని ధారగా పోస్తూ జాడించండి. మూడోదానికి నాలుగు లీటర్ల ధార. తరువాత మూడింటినీ మంజిష్ఠ వేసిన నీళ్లలో, పెద్దవాళ్లు దగ్గర ఉండగా, అరగంట సన్నని సెగ మీద ఉడికించి, ఉతికి, రెండు మూడు రోజులు ఎండలో తడుపుతూ పరచండి. గీత పక్కన ఎరుపు ఎంత దూరం పాకిందో స్కేలుతో కొలిచి, నీళ్ల లెక్కా మచ్చ లెక్కా పట్టికగా రాయండి. నల్లరంగు కూడా చేయదలిస్తే ఇనుప మేకులు, బెల్లం, నీళ్లు మట్టిముంతలో పోసి గుడ్డ కట్టండి. సీసాలో పోసి మూత బిగించకండి. పులిసేటప్పుడు వాయువు పుట్టి సీసా పగలవచ్చు. రుచి చూడకండి, చేతులు కడుక్కోండి. మూడు వారాలు పడుతుంది. ఈలోగా వెదురు పుల్ల చెక్కి, గుడ్డ చుట్టి సిద్ధం చేసుకోండి. ఎంత గుడ్డ చుట్టాలి, ఎంత బిగించి కట్టాలి అన్నది మాత్రం మీ వేళ్లే చెప్పాలి.